మొక్కనివాళ్లం ఇద్దరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికి మొక్కనివాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం. ఒకరు మా తాత, రెండోది నేను. మిగతా అందరూ మొక్కేవాళ్లే. మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, పొద్దున లేవగానే గడపకు మొక్కేది, పొయ్యికి మొక్కేది, మగ్గానికి మొక్కేది. ఊరెళ్లే రోజున బస్సు ఎక్కే ముందు బస్సుకు కూడా మొక్కేది. అమ్మ మొక్కేటప్పుడు పెదవులు కూడా కదిలేవి కావు. నాన్న మిల్లుకు పోయే ముందు సైకిలు హ్యాండిల్ పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. అది మొక్కడమో, నిద్ర చాలకపోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది వరంగల్‌లో, కాశిబుగ్గలో, జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో నేలలోకి తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని తాత మగ్గం ముందు కూర్చునేవాడు. ఇనుప దువ్వెనలాంటి పంజాతో నూలును దిగ్గొడుతూ, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య దొరికిన సందులో నాకు అద్వైతం చెప్పేవాడు. ఆయన బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. వేదాంతం మాత్రం సాయంత్రాలు మా వీధి అరుగుల మీద కూడే పెద్దమనుషుల దగ్గర ఏళ్ల తరబడి విని వంటబట్టించుకున్నాడు. నేత ఇల్లు కాబట్టి బట్టకూ దారానికీ పోలిక పెట్టి చెప్పి ఉంటాడని మీరు అనుకోవచ్చు. ఒక్కసారి కూడా చెప్పలేదు. మగ్గం ముందు కూర్చున్నవాడికి దారం దారమే. తెగితే అతకాలి, తడిస్తే ఆరబెట్టాలి. అందులో బ్రహ్మాన్ని చూసే తీరిక బట్ట కొనుక్కునేవాళ్లకు ఉంటుందేమో.

ఆయన చెప్పేది సూటిగా ఉండేది. "దేవుడు ఎక్కడ్నో వేరే కూసోలేడు బిడ్డా. మొక్కేటోడే మొక్కిచ్చుకునేటోడు. ఉన్నది ఒక్కటైనంక ఇగ ఎవలకు మొక్కుతవ్?"

నాకప్పుడు పదకొండేళ్లు, ఏడో తరగతి. నోరు ఇప్పుడున్నంతే ఉండేది, ఎత్తే కాస్త తక్కువ. వాదించడానికి పనికొచ్చేది ఏది దొరికినా వదలని నాకు, దొరకక దొరికిన ఆయుధం ఇది. సందె వేళ దీపం పెట్టి బాపమ్మ దండం పెట్టమంటే, ఎవరు ఎవరికి పెట్టాలె బాపమ్మా, ఇద్దరు యాడున్నరు అని అడిగేదాన్ని. బాపమ్మ ఏమీ తక్కువది కాదు. "ముందుగాల అన్నం ఎవలు ఎవలకు పెడుతాండ్రో చెప్పు, గిన్నె లోపల పెట్టేస్త" అనేది. గుంటలోంచి తాత నవ్వేవాడు. ఆ నవ్వు నా పక్షాన ఉందని నాకు గట్టి నమ్మకం. వీధిలో ఎవరైనా వస్తే నన్ను చూపించి, "ఇది మనుమరాలు కాదు, నా జోడీదారు" అనేవాడు. ఇప్పటిదాకా నాకు వచ్చిన ఏ సర్టిఫికెట్టూ ఆ మాటంత గర్వాన్నివ్వలేదు.

ఏడాదికోసారి ఇల్లంతా పాలకుర్తి గుట్టకు పోయేది. అందరూ మెట్లెక్కి శివుడి దగ్గరికి పోతే, మేమిద్దరం కింద చెప్పుల కావలి కూర్చునేవాళ్లం. మొక్కనివాళ్లకు పైన ఏం పని? తాత తువ్వాలను తలమీదుగా ముఖం మీదికి లాక్కుని కూర్చునేవాడు. ఎండకు అనుకునేదాన్ని. ఉప్పేసి ఉడకబెట్టిన శనగ గుడాలు ఆకు పొట్లంలో తెచ్చుకుని చెరిసగం తినేవాళ్లం. మెట్లెక్కి రొప్పుతున్న జనాన్ని చూస్తుంటే, మేమిద్దరం ఏదో రహస్యం తెలిసినవాళ్లలాగా అనిపించేది. లోకమంతా ఒక వైపు, నేనూ మా తాతా ఇంకో వైపు. పదకొండేళ్ల పిల్లకు అంతకంటే సుఖం ఏముంటుంది?

ప్రతి సోమవారం తాత మగ్గం ముట్టేవాడు కాదు. ధర్మసాగరంలో పాత దోస్తు ఒకాయన ఉన్నాడని, ఆయనతో వేదాంతం మాట్లాడి వస్తానని తెల్లారకముందే బస్సుకు పోయేవాడు. నన్నూ తీసుకుపొమ్మని ఎన్నిసార్లు అడిగినా, బడి ఎగ్గొట్టొద్దని దాటేసేవాడు.

ఆ ఏడు అమ్మకు జబ్బు చేసింది. కడుపులో గడ్డ ఉందనీ, కోసి తీయాలనీ దవాఖానలో చెప్పారు. ఆపరేషన్‌కు ఇంకా నాలుగు రోజులుందనగా, ఒక శనివారం మధ్యాహ్నం బాపమ్మతో కలిసి అమ్మకు అన్నం పట్టుకుపోయాను. బాపమ్మ నీళ్లకోసం బయటికి పోయినప్పుడు అమ్మ నా మణికట్టు పట్టుకుంది. అమ్మ అరచేయి అంత తడిగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"బిడ్డా, నాకు జర భయమైతాంది. పాలకుర్తి గుట్ట మీద నా పేరు మీద ఒక ముడుపు కట్టిరావా? నాన్న తోల్కపోతడు. నువ్వే కట్టాలె, నీ చేత్తోని."

ముడుపు అంటే పెద్ద తంతేమీ కాదు. పసుపు అంటించిన గుడ్డలో కొబ్బరికాయ పెట్టి, మూతి ముడివేసి, కోరిక చెప్పుకుని గుడిలో వేలాడదీస్తారు. కోరిక తీరాక మళ్లీ పోయి ఆ ముడి విప్పుతారు. అమ్మ అడిగింది అంతే. తన కడుపున పుట్టిన పిల్ల చేతి ముడి ఒకటి గుట్ట మీద ఉందంటే, కత్తి కిందికి ధైర్యంగా పోతాననుకుంది.

నేనేం చేశాను? పాఠం చెప్పాను. "దేవుడు నీకన్న వేరే ఉన్నడనుకుంటున్నవ్ సూడు, గదే నీ భయం. ఉన్నది ఒక్కటే అమ్మా. నువ్వే దేవుడివి. నీకు నువ్వే మొక్కుకో." గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పక్క మంచం మీద సెలైన్ ఎక్కించుకుంటున్న ఒకామె తల తిప్పి చూసి, "నీ బిడ్డ పెద్ద సదువే సదివినట్టుందక్కా" అంది. అది మెచ్చుకోలని అనుకున్నాను. అమ్మ నా మణికట్టు వదిలేసింది.

"సరే తీ బిడ్డా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చి తాతకు జరిగింది జరిగినట్టు చెప్పాను. గెలిచి వచ్చినదానిలాగే చెప్పాను. తాత పంజా ఆపాడు. "అట్లన్నవా?" అన్నాడు. అవునన్నాను. తెగిన పోగొకటి అతికి, "మాటైతే తప్పులేదు" అని మళ్లీ పంజా అందుకున్నాడు. నాకు ఆ మాట చాలు. ఆ సాయంత్రం ఆయన ఎంత మెల్లగా నేశాడో, ఒక్క చారైనా పూర్తి చేశాడో లేదో నేను చూడలేదు. చూడాల్సింది.

మర్నాడు ఆదివారం తాత నన్ను పిలిచి ఒక మూట ముందు పెట్టాడు. ధర్మసాగరం దోస్తు ఇంట్లో పెళ్లి ఉందనీ, కొబ్బరికాయ పట్టుకుపోవాలనీ, వేళ్లు గుంజుతున్నాయి కాబట్టి మూతి నేను ముడివేయాలనీ అన్నాడు. గుడ్డ పచ్చగా ఉంది. ఇంకో ఇంట్లో పిల్లయితే పసుపు గుడ్డేంటని అడిగేదేమో. మాది నూలుకు రంగులద్దే ఇల్లు. మా ఇంట్లో మసిగుడ్డకు కూడా ఎరుపో పచ్చో అంటుకుని ఉండేది, రంగు లేని గుడ్డ కనిపిస్తేనే వింత. నేను జంపఖానా నూలు తీసుకుని, తెగిన పోగులను కలిపేందుకు మా ఇళ్లలో వేసే చిన్న ముడి వేశాను. జారదు, ఊడదు. నాది ఎడమచేతి వాటం కాబట్టి నా ముడి అందరి ముడికీ ఎదురు తిరిగి ఉంటుంది. వేస్తుండగా తాత, మీ అమ్మ ఎట్లున్నది అని అడిగాడు. భయపడుతాంది పాపం అన్నాను. అలా అంటున్నప్పుడు నాకు ఆ తడి అరచేయి గుర్తుకొచ్చింది. తాత ముడి బిగిసిందా అని చూశాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అమ్మ ఇంకో నెల దాకా దవాఖానలోనే ఉంది. ఈలోగా ఒక సోమవారం తాత రెండు మోకాళ్లకూ గుడ్డలు చుట్టుకుని కుంటుతూ వచ్చాడు. మగ్గం గుంట అంచు తగిలిందన్నాడు. మగ్గం ముట్టని సోమవారం నాడు, అదీ రెండు మోకాళ్లకూ ఒకేసారి, ఎలా తగిలిందని అడగాల్సిన నోరు ఆ రోజు ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. ఆయన చెప్పింది నమ్మడం నాకు అలవాటు.

అమ్మ ఇంటికొచ్చిన రోజు నా తలమీద చెయ్యి పెట్టి, "మంచి పని చేసినవ్ బిడ్డా. నువ్వట్ల చేసినంకనే నా భయం పోయింది" అంది. నేనేమనుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. నా బోధ తలకెక్కి మా అమ్మకు జ్ఞానం కలిగిందనుకున్నాను. నాలుగు రోజులు ఆ మత్తులోనే తిరిగాను. బడిలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా.

అమ్మ నడవగలిగే స్థితికి వచ్చాక ఇల్లంతా మళ్లీ పాలకుర్తి బయల్దేరింది. నాన్న చెయ్యి పట్టుకుని అమ్మ మెల్లగా మెట్లెక్కింది. వెనక బాపమ్మ. ఎప్పటిలాగే కింద చెప్పుల దగ్గర నేనూ తాతా. ఆయన తువ్వాల ముఖం మీదికి లాక్కున్నాడు. నేను గుడాల పొట్లం విప్పాను. అప్పుడు కొబ్బరికాయల దుకాణం ఆమె, మేం కూర్చున్నచోట నీడ ఉందని బుట్ట తెచ్చి మా పక్కనే దించింది. ఒకసారి చూసింది, వంగి తువ్వాల కిందికి చూసింది.

"ఓ పెద్దయ్యా! నువ్వేనా? సోమారం సోమారం సూస్తున్న మొకమేనాయె, ఇయ్యాల కొత్త పెండ్లిపిల్ల లెక్క దాసుకుంటివేంది?"

తాత ఏదో గొణిగాడు. ఆమె వినిపించుకునే రకం కాదు. "మోకాళ్లు మానినయా? వద్దు వద్దంటే ఇనకపోతివి. ఈ వయసుల మోకాళ్ల మీద మెట్లెక్కుడు ఏందయ్యా, నెత్తురు కారవట్టె. కోడలు పాణం బాగైందా మరి?" తర్వాత నా వైపు తిరిగింది. "ముడుపు పంపిన మనుమరాలివి నువ్వేనా? వచ్చినప్పుడల్ల నీ ముచ్చటే. నా మనుమరాలి చేతి ముడి, జర మంచిగ కనబడేటట్టు కట్టుండ్రి అని పంతులు పాణం తీసిండు."

నా ఒళ్లోని గుడాలు నేలమీద పడ్డాయి. తాత ముఖం చూశాను. ఆయన నా వైపు చూడలేదు. చెప్పుల వైపు చూస్తున్నాడు.

ఎలా ఎక్కానో తెలియదు. మొక్కకూడదన్న పంతంతో ఇన్నేళ్లూ ఎక్కని మెట్లు, ఏడుస్తూ తిట్టుకుంటూ ఒక్క పరుగున ఎక్కాను. పైన గుడి పక్కన వందల ముడుపులు వేలాడుతున్నాయి. అమ్మ ఒకదాన్ని పట్టుకుని గోళ్లతో ముడి విప్పాలని తంటాలు పడుతోంది. నన్ను చూసి ముఖమంతా వెలిగింది.

"వచ్చినవా? రావనుకున్న. ఇది నాతోని అయితలేదే. నువ్వే కట్టి పంపినవని తాత దవాఖానకొచ్చి చెప్పిండు గని, చెప్పకున్నా నీ ఎడమచేతి ముడి నాకు తెల్వదా? మీ నాన్న కత్తెర పెడతా అంటే వద్దన్న. నువ్వే ఇప్పు."

బాపమ్మ చెమట తుడుచుకుంటూ, "ముసలోడు నలభై ఏండ్ల సంది సోమారం తప్పకుంట వస్తాండు. నీకొక్కదానికే చెప్పొద్దని మా అందరితోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. నువ్వు కూడ ఆయన లెక్కనే లోపల మొక్కుకుంట బయట మొక్కనంటవని నాకిప్పుడే తెలిసింది. తాతకు తగ్గ మనుమరాలివే. ఇప్పు, ఇప్పు, ఎండ కొడతాంది" అంది.

నలభై ఏళ్లు. అంటే నేను పుట్టకముందు నుంచీ. ధర్మసాగరమూ లేదు, దోస్తూ లేడు. ఇంట్లో అందరికీ తెలుసు. సందె దీపం ముందు నేను బాపమ్మను నిలదీసినప్పుడు బాపమ్మకు తెలుసు. నాన్నకు తెలుసు. అమ్మకు తెలుసు. లోకమంతా ఒక వైపు, మేమిద్దరం ఇంకో వైపు అనుకున్నాను గదా, నా వైపు నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన అవతలి వైపు నిలబడి నన్ను చూసి ముచ్చటపడుతున్నాడు, ఇంటికొచ్చిన చుట్టాల ముందు పాట పాడే పిల్లను చూసినట్టు.

నోటిదాకా వచ్చింది. అమ్మా, నేను నీకోసం కట్టలేదు, తాత నన్ను మోసం చేసి కట్టించాడు, పెళ్లికి పోయే కొబ్బరికాయ అని చెప్పాడు. నాకు నిజం అంటే పిచ్చి ఉన్న రోజులవి. కానీ అమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర ఒక చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది, కుట్లు ఇంకా నొప్పి పెడుతున్నాయి. ఆ ముఖం చూశాను. దవాఖానలో గోడవైపు తిరిగిన ముఖం ఇదే. నా నోటితో మళ్లీ అటు తిప్పాలా? పళ్లు బిగపట్టి ముడి విప్పాను. నేను వేసిన ముడి కాబట్టి ఒక్క లాగుకే వచ్చేసింది. అమ్మ కొబ్బరికాయను కళ్లకు అద్దుకుంది. ఆ క్షణం నుంచి ఆ మోసంలో నేనూ వాటాదారునే. అది కూడా ఆయనే అంటగట్టాడు.

కిందికి వచ్చి, అమ్మావాళ్లు ఇంకా మెట్లమీద ఉండగానే, తాతను అడిగాను. అడగడం కాదు, అరిచాను. అబద్ధాలకోరువి అన్నాను. కొబ్బరికాయల ఆమె బుట్ట ఎత్తుకుని మర్యాదగా అవతలికి పోయింది. ఇదే నిజమైతే నాకు చెప్పిందంతా ఏంది, అదే నిజమైతే ఈ మోకాళ్లేంది అన్నాను.

తాత అప్పుడు చెప్పాడు. "నీకు చెప్పింది అబద్ధం కాదు బిడ్డా. రెండోది లేదు. అయితే మంచం మీద పడుకున్నదాని కాడ నిలబడి, రెండోది లేదు అని నువ్వన్నవ్ సూడు, అప్పుడే ఇద్దరైండ్రు. నిలబడి చెప్పేది ఒకతి, పండుకొని ఇనేది ఒకతి. మీ అమ్మ భయం నాది కాదని పక్కకు పెట్టినంక నాకు అద్వైతం ఏడుంటది? ఆమె మొక్కుకున్నది. ఆమె కాళ్లు లేస్తలేవు. నావి లేస్తున్నయ్. గంతే."

ఆ మాట నిజమని నాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. అందుకే ఇంకా మండింది. తప్పు మాట చెబితే కొట్టిపారేసేదాన్ని. "మరి నాకెందుకు చెప్పలే? నలభై ఏండ్ల సంది ఎక్కుతున్నవ్ గదా. నన్నెందుకు కింద కూసోబెట్టినవ్? నేను అమ్మకు అట్ల చెప్పి వచ్చిననాడు తప్పని ఎందుకనలే?"

ఆ ప్రశ్నలకు ఆయన దగ్గర వేదాంతం లేదు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు. "నువ్వు నన్ను మస్తు గొప్పోణ్ని అనుకుంటివి. మొక్కని మొగోడు మా తాత అని అందరికి చెప్తివి. గది ఇడిసిపెట్ట బుద్ధి కాలే బిడ్డా."

తిరుగు బస్సులో నేను బాపమ్మ పక్కన కూర్చున్నాను. బతుకమ్మ పండుగ దాకా తాతతో మాట్లాడలేదు. చాయ్ గ్లాసు గుంట అంచున ఠప్పుమని పెట్టి వచ్చేదాన్ని. ఆయన రెండు మూడుసార్లు పాత పద్ధతిలో ఏదో ఒక మెలిక ప్రశ్న వేసి నన్ను లాగాలని చూశాడు. నేను దొరకలేదు. తర్వాత మాటలు కలిశాయి, పొత్తు కలవలేదు. సోమవారాలు నన్ను పాలకుర్తికి రమ్మని పిలిచాడు. రానన్నాను. ఒకప్పుడు నేను బతిమాలితే తీసుకుపోనివాడు, ఇప్పుడు తాను బతిమాలాడు. నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా పోయాడు. ఆ చివరి ఏళ్లలో కూడా ఆయన మంచివాడని నాకు తెలుసు. మోసపోయానన్న సంగతి దానివల్ల మారలేదు.

కాలేజీలో ఫిలాసఫీ తీసుకున్నాను. దాని వెనక ఎవరున్నారో వేరే చెప్పక్కర్లేదు. జ్ఞానానికీ భక్తికీ రోజువారీ పనికీ పొత్తు ఎలా కుదురుతుందని పెద్ద పెద్ద పండితులు రాసింది చదివాను. జ్ఞానం పైమెట్టు, భక్తి కిందిమెట్టు అని కొందరంటారు. తెలియనివాళ్ల కోసం తెలిసినవాడు కిందికి దిగి మొక్కుతాడట. అది చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. మా తాత మెట్లు దిగి మొక్కలేదు, ఎక్కి మొక్కాడు, మోకాళ్లతో. లోకం కోసం నటించినవాడికి నెత్తురు కారేదాకా ఎక్కాల్సిన పని లేదు. ఒక కోడలి భయానికీ తన కాళ్లకూ మధ్య గీత గీయడం ఆయనకు చేతకాలేదు. ఉన్నది ఒక్కటే అన్న మాటకు అంతకన్నా గట్టి వ్యాఖ్యానం నాకు ఏ గ్రంథంలోనూ కనబడలేదు. ఇంతవరకు ఆయనతో నాకు పేచీ లేదు.

నా పేచీ వేరు. ఆయన ఆ పని నాకు కనబడకుండా చేశాడు. నాకు మాట ఇచ్చాడు, పని దాచుకున్నాడు. పని లేని మాటను పదకొండేళ్ల పిల్ల చేతిలో పెడితే అది ఏం చేస్తుంది? దొరికినవాళ్లను కొడుతుంది. నేను కొట్టింది మా అమ్మను. అమ్మ ఇప్పుడు లేదు. ఆ ముడి నేను ఆమెను తలుచుకునే వేశానని చివరిదాకా నమ్మింది. ఒక లెక్కన తలుచుకునే వేశాను, ఆయన తలుచుకునేలా చేశాడు. ఆ తెలివికి దండం పెట్టాలో, ఆ మనిషిని ఇప్పటికైనా నిలదీయాలో ఇన్నేళ్లొచ్చినా తేల్చుకోలేకపోతున్నాను.

పోయిన ఏడు మా పక్కింటి ముస్లిం పెద్దావిడకు, మేం ఖాలమ్మ అని పిలిచే ఆమెకు, కంటి ఆపరేషన్ అయింది. దుమ్ములో బయటికి పోవద్దన్నారు. ఆ గురువారం దర్గాలో సమాధి మీద పూల చాదర్ వేయించాల్సిన మొక్కు ఉందనీ, నన్ను పోయి వేసి రమ్మనీ అడిగింది. నేను ముందే చెప్పాను, ఖాలా, నాకు వీటి మీద నమ్మకం లేదు, తెలిసే అడుగుతున్నావా అని. ఆమె నల్ల కళ్లద్దాలు సర్దుకుంటూ, "నీ నమ్మకం ఎవలడిగిండ్రమ్మా? నీకు కండ్లు కనబడుతున్నయ్ గదా, పోయిరా" అంది.

మా తమ్ముడి కూతురు వెంట వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల, నోరు మా వంశానిదే. నేను తలమీద కొంగు కప్పుకుని, చాదర్ పరిచి, ఖాలమ్మ పేరు చెప్పి చేతులు జోడించడం కళ్లార్పకుండా చూసింది. బయటికి రాగానే మొదలుపెట్టింది. "అత్తా, నువ్వు నమ్మవు గదా, మరి ఎందుకు మొక్కినవ్? యాక్టింగా?"

కాదన్నాను. మొక్కు ఖాలమ్మది, చేతులు నావి అన్నాను. నమ్మనని ఆమెకు చెప్పే వచ్చాను, నీకూ చెబుతున్నాను, ఇంక ఇందులో మోసం ఎవరికని అడిగాను. పిల్ల ఒప్పుకోలేదు. అయితే లోపల ఎవరున్నారని అడిగింది. ఉన్నది ఒక్కటే అని నువ్వే అంటావు గదా, అయితే దర్గాకు పోవడం ఎందుకు, ఇంట్లో కూర్చుని మొక్కితే చాలదా అంది. చేతులు జోడించినప్పుడు నీకు ఏమైనా అనిపించిందా లేదా, నిజం చెప్పు అంది. అనిపించింది అన్నాను. ఏం అనిపించింది? నాకు తెలియదు అన్నాను. ఆ పిల్ల ముఖంలో నా మీద గౌరవం ఒక మెట్టు దిగింది, స్పష్టంగా కనిపించింది. దిగనిచ్చాను. అయినా నా చెయ్యి వదల్లేదు, ఇంటి దాకా వాదిస్తూనే వచ్చింది. తెలిసినంత చెప్పాను, తెలియని ప్రతిచోటా తెలియదనే అన్నాను. అలా అనడం ఇంత తేలికైన పని అయినప్పుడు, మా తాత నాతో ఒక్కసారైనా ఎందుకు అనలేకపోయాడని దారిపొడుగునా అనుకుంటూనే నడిచాను.